దిష్టిబొమ్మల పంచాయతీ

పల్లెలు ఖాళీ అయిపోతున్నాయని దిగులుపడేవాళ్లు ఒకసారి జపాన్ వైపు చూడండి, వాళ్లు దారి కనిపెట్టేశారు. షికోకు దీవి కొండల్లో నగోరో అనే ఊరుంది. మనుషులు ముప్పైమంది కూడా లేరు, బొమ్మలు మాత్రం వందల్లో ఉన్నాయి. ఒసాకా నుంచి సొంతూరికి తిరిగొచ్చిన ఒకావిడ చేలో పిట్టలు వాలకుండా అచ్చం వాళ్ల నాన్నలాంటి దిష్టిబొమ్మను నిలబెట్టింది, ఆ తర్వాత ఊళ్లో పోయినవాళ్లనీ వలసపోయినవాళ్లనీ గుడ్డలతో కుట్టి అరుగుల మీద, బస్టాపులో కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. 2012లో బడి మూసేశారు. ఇప్పుడా తరగతి గదిలో బొమ్మ పిల్లలు, బొమ్మ టీచరు. నూటికి నూరు హాజరు! బదిలీ కోసం ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరగని టీచరును ఏ ప్రభుత్వం వద్దంటుంది? మనమేమో దిష్టిబొమ్మ కనిపిస్తే చాలు, సెంటర్లో పెట్టి తగలబెడతాం.

2040 నాటికి 896 ఊళ్లూ పట్టణాలూ కనుమరుగు కావచ్చని 2014లో అక్కడి నిపుణులు లెక్క తేల్చారు. అయ్యో అనకండి, కుట్టుమిషన్లకు ఎంత గిరాకీ!

హొక్కైడోలోని తకికావాలో ఎలుగుబంట్లు ఊళ్లోకి వస్తుంటే 2020లో మర తోడేళ్లను పెట్టారు. ఎర్రకళ్లు, తల తిప్పుతూ ఊళలు. అసలు తోడేళ్లు ఆ దేశంలో అంతరించి వందేళ్లు దాటింది. అంటే రేపటి పల్లెలో మనిషి గుడ్డది, తోడేలు ఇనుపది, ఎలుగుబంటి ఒక్కటే ఒరిజినల్.

కమికత్సు అనే ఊరు మాత్రం నాకు నచ్చలేదు. అక్కడ 1986 నుంచి ముసలమ్మలు చెట్ల ఆకులు కోసి, హోటళ్లలో పళ్లేల అలంకారానికి అమ్ముతున్నారు, ఆర్డర్లు ట్యాబ్‌లో చూసుకుంటారట. ఆకులమ్మి డబ్బులు, పైగా పని ఉండటంతో ఓపిక కూడానట. ఈ పద్ధతికి బతికున్న మనుషులు కావాలి, అదీ చిక్కు. ఏ ప్రణాళికకైనా అంత ఖరీదైన సరుకు ఎక్కడ దొరుకుతుంది?

మొన్న ఊరెళ్లినప్పుడు ఈ బొమ్మల సంగతి మా పెద్దమ్మకు చెప్పాను. రెండంతస్తుల మేడ, కింద ఆవిడా పెదనాన్నా, పైన తాళాలు, కొడుకు డాలస్‌లో. నవ్వుతుందనుకున్నా. లేచి వెళ్లి బీరువాలోంచి అన్నయ్య పాత చొక్కా తీసుకొచ్చింది.

"పొట్ట కాస్త ఎక్కువే కుట్టించరా, వీడియో కాల్‌లో లావైనట్టు కనిపిస్తున్నాడు."