సవరణ: టార్కానియన్ తువ్వాలు సంగతి
అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ నమ్మకాలపై మొన్నటి పోస్టులో, యూఎన్‌ఎల్‌వీ (లాస్ వెగాస్‌లోని నెవాడా యూనివర్సిటీ) కోచ్ జెర్రీ టార్కానియన్ తడి తువ్వాలు నమలడం మొదటినుంచీ మూఢనమ్మకమేనని ఉంది. అది అలా మొదలవలేదు. హైస్కూల్ కోచ్‌గా ఉన్నప్పుడు ఉక్కబోత జిమ్‌లో నోరెండిపోయి మాటిమాటికీ నీళ్లకోసం లేవాల్సి వచ్చేది. ఆ తిరుగుడు తప్పించుకోవడానికి తువ్వాలు తడిపి తెచ్చుకుని చప్పరించాడు. జట్టు గెలిచింది, ఇక వదల్లేదు. అవసరం ముందు, సెంటిమెంటు తర్వాత. (గెలిచిన రోజు ఏం చేశామో అదే గుర్తుంటుంది మరి!)

ఆ పోస్టులోని “తువ్వాలుంటే ఓటమి లేదు” అన్న వాక్యం తీసేశాం. 1990 జాతీయ కాలేజీ టోర్నీ ఫైనల్లో యూఎన్‌ఎల్‌వీ డ్యూక్ యూనివర్సిటీని 103-73తో చిత్తు చేసిన మాట నిజమే. 1991 టోర్నీ సెమీఫైనల్లో మాత్రం, ఆ సీజన్లో అప్పటిదాకా ఓటమెరుగని యూఎన్‌ఎల్‌వీ అదే డ్యూక్ చేతిలో 79-77తో ఓడింది. యూఎన్‌ఎల్‌వీ పాయింట్ గార్డ్ (ఆట నడిపించేవాడు) గ్రెగ్ ఆంథొనీ ఐదో ఫౌల్‌తో (ఐదైతే ఇక ఆడనివ్వరు) చివరి నాలుగు నిమిషాల్లో బయటికి వెళ్లాడు. మా దృష్టిలో మ్యాచ్ తిరిగింది అక్కడే.

ఇంకొకటి: కప్పు గెలిచాక బాస్కెట్ వల కత్తిరించడం నమ్మకం కాదు, జ్ఞాపిక కోసం. కాలేజీ ఆటలో దాన్ని 1947లో వాడుకలోకి తెచ్చింది నార్త్ కరోలినా స్టేట్ కోచ్ ఎవరెట్ కేస్.