చిన్న మార్పుకు పెద్ద ముహూర్తం

దసరా సెలవులు అయ్యాయంటే బెంగళూరు తల్లిదండ్రులకు ఒక దురలవాటు మొదలవుతుంది. పిల్లవాడి ఐఈపీలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి బడి విడిగా రాసే చదువు ప్లానులో, ఒక్క వాక్యం మార్చమంటారు. వెనక వరసలో బోర్డు కనబడటం లేదట, ముందు బెంచీ కావాలట. మారతహళ్లి నుంచి కె.ఆర్.పురం దాకా మన తెలుగువాళ్లయితే ఇంకో మాట కూడా చేరుస్తారు: “చిన్న మార్పే కదా మేడమ్!” అమాయకులు.

ఏది చిన్నదో తేల్చేది బడి. ముందు బెంచీ పెద్ద మార్పు. బెంగళూరు మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ రిపోర్టులో రాసిన సిఫార్సే అయినా సరే కోఆర్డినేటరు, క్లాస్ టీచరు, కౌన్సెలరు, స్పెషల్ ఎడ్యుకేటరు, ప్రిన్సిపాలు ఒక గదిలో కూర్చోవాలి. ఆ తీరిక యాన్యువల్ డే అయ్యాక జనవరిలో దొరుకుతుంది. మార్చికి తరగతే మారుతుంది కాబట్టి సమస్య దానంతటదే తీరుతుంది. రిసోర్స్ రూమ్ పీరియడ్లు (స్పెషల్ ఎడ్యుకేటరు విడిగా కూర్చోబెట్టి చెప్పేవి) వారానికి 3 నుంచి 2కు తగ్గడం మాత్రం చిన్న మార్పు. ఒక టీచరు మానేస్తే చాలు, ఏ మీటింగూ లేకుండా జరిగిపోతుంది.

అమెరికాకు ఈ నిష్ఠ లేదు. 2004లో సవరించిన అక్కడి ఐడియా (వికలాంగ పిల్లల చదువుల) చట్టం ప్రకారం, ఆ ఏటి వార్షిక సమావేశం అయ్యాక బడీ తల్లిదండ్రులూ ఒప్పుకుంటే మళ్లీ అందరూ కూర్చోకుండానే రాతపూర్వకంగా ప్లాను సవరించుకోవచ్చు. మనకు 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (చెబితే రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల మినహాయింపు అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, కన్నడ, హిందీ మోసే పిల్లలకు ఆ చివరిది ఎంత ఊరటో చెప్పక్కర్లేదు. కానీ ముందు బెంచీ అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు, వెతుక్కోండి.

ఈ సంప్రదాయాన్ని చెడగొట్టే పద్ధతి ఒకటుంది, హెచ్చరికగా చెబుతున్నాం. ఒకే ఒక్క కాగితం. పైన పాత వాక్యం, కింద కొత్తది. “అవసరాన్ని బట్టి అదనపు సమయం” అని కాదు, “గంటకు 20 నిమిషాలు, యూనిట్ టెస్టులకు కూడా” అని. (సీబీఎస్‌ఈ 3 గంటల పేపరుకు ఇచ్చేదీ ఈ లెక్కనే, 60 నిమిషాలు. ఆ టైమును ఎలా వాడుకోవాలో బోర్డు పరీక్షనాడే నేర్చుకోవచ్చని మన బడుల నమ్మకం.) కారణంగా రెండు వారాల లెక్క: తెలియక వదిలిన ప్రశ్నలెన్ని, టైము చాలక వదిలినవెన్ని. ఏ తేదీ నుంచి, ఎవరి బాధ్యత, ఆరు వారాలకు ఎవరు చూస్తారు, సంతకాలు. బెంచీ, అక్షరాల సైజు, టైము మూడూ ఒకే సోమవారం మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో ఎవరికీ తెలియదు.

అయినా భయపడకండి, ఈ కాగితాన్ని ఓడించడం తేలిక. క్లాస్ టీచరు ఫైల్లో పెట్టేస్తే సరి. పరీక్షనాడు పక్క సెక్షన్ నుంచి వచ్చిన పీటీ సారు బెల్లు కొట్టగానే పేపరు లాక్కుంటారు, పాపం ఆయనకేం తెలుసు? ఇన్విజిలేటర్ కవరు మీద ఒక చీటీ అంటించకుండా మాత్రం జాగ్రత్తపడాలి. లేదా అంతా వాట్సాప్‌లోనే కానివ్వండి. కోఆర్డినేటరు ఉద్యోగం మారిన రోజున “ఓకే మేడమ్” కూడా ఆవిడతోనే వెళ్లిపోతుంది.

బడులు తమంతట తాము ఉత్సాహంగా చేసే సవరణ కూడా ఒకటుంది. 10 వాక్యాలు సొంతంగా రాయాలన్న లక్ష్యాన్ని 4కు దించడం. పిల్లవాడు నేర్చుకోవాల్సిందే తగ్గిపోతుంది కనుక, నిజానికి అందరూ కూర్చుని మాట్లాడాల్సింది దీని గురించే. అయితే జూన్ నుంచీ వాడు 4 రాస్తూనే ఉన్నాడు కాబట్టి మర్నాడే రిపోర్టులో “లక్ష్యం సాధించాడు” అని పచ్చ ఇంకు పడుతుంది. తల్లిదండ్రుల సంతకం మార్చి నెల పేరెంట్-టీచర్ మీటింగులో, వచ్చే ఏటి ఫీజు సర్క్యులర్‌తో కలిపి తీసుకుంటారు.