పాస్‌వర్డ్ పోగొట్టింది వాళ్ళు, పరువు భయం మనకు

ఇంగ్లీషులో ఒక మెయిల్ వస్తుంది. సబ్జెక్ట్ లైన్‌లోనే మీ పాస్‌వర్డ్ కనిపిస్తుంది. మీరు ఎప్పుడో పెట్టుకున్నదే, అక్షరం పొల్లుపోకుండా. కింద కథ ఇలా సాగుతుంది: నీ కంప్యూటర్‌లో వైరస్ పెట్టాను, నువ్వు అశ్లీల వీడియోలు చూస్తుంటే నీ కెమెరాతోనే రికార్డు చేశాను, నీ కాంటాక్టులన్నీ నా దగ్గరున్నాయి, ఇన్ని డాలర్ల బిట్‌కాయిన్ పంపకపోతే ఒకటి రెండు రోజుల్లో ఆ వీడియో మీ వాళ్ళందరికీ చేరుతుంది. పోలీసుల దగ్గరికి వెళ్ళినా లాభం లేదని చివర్లో ఒక మాట.

ఈ ఉత్తరం 2018 నుంచి ప్రపంచమంతా తిరుగుతోంది. డాలర్ల లెక్క మారుతుంది, వైరస్ పేరు మారుతుంది, కథ మాత్రం అదే. ఇందులో నిజమైనది పాస్‌వర్డ్ ఒక్కటే. వీడియో లేదు, వైరస్ లేదు, మీ కాంటాక్టుల జాబితా అతని దగ్గర లేదు. కానీ ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని మిగతా అబద్ధాలన్నీ నిలబడుతున్నాయి.

ఆ పాస్‌వర్డ్ అతనికి మీ ఇంట్లోంచి దొరకలేదు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి చోరీ అయిన ఖాతాల్లో 11 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు 2016లో దొంగ బజారులో అమ్మకానికి వచ్చాయి. 2013లో అడోబీ నుంచి 15 కోట్లకు పైగా ఖాతాల సమాచారం పోయింది. మన దేశంలో 2017లో జొమాటో నుంచి 1 కోటి 70 లక్షల ఖాతాలు, 2020లో బిగ్‌బాస్కెట్ నుంచి సుమారు 2 కోట్ల ఖాతాల వివరాలు బయటికి పోయాయి. మామూలుగా సైట్లు పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచవు, గుర్తుపట్టలేని రూపంలోకి మార్చి దాచుకుంటాయి. ఆ మార్చే పని లింక్డ్‌ఇన్ నాసిరకంగా చేసింది కాబట్టే దొంగలు వాటిని తేలిగ్గా విప్పుకోగలిగారు. ఇలా విప్పినవన్నీ పోగుచేసి జాబితాలు కడతారు. 2019 జనవరిలో బయటపడిన అలాంటి ఒక జాబితాలోనే 77 కోట్ల ఈమెయిల్ చిరునామాలున్నాయి.

జాబితా చేతికొచ్చాక మనిషితో పని లేదు. ఒక చిన్న ప్రోగ్రాం ఒక గడిలోంచి మెయిల్ ఐడీని, పక్క గడిలోంచి పాస్‌వర్డ్‌ను తీసి ఒకే ఉత్తరంలో అతికిస్తూ పోతుంది. వైరస్ పట్టిన కంప్యూటర్లను వాడుకుని నడిచే ఫోర్పీక్స్ అనే ఒక ముఠా వ్యవస్థ గంటకు 30 వేల మెయిళ్ళు పంపగలుగుతోందని 2019లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా కంపెనీ పరిశోధకులు బయటపెట్టారు. అయిదు నెలల్లో దానికి 14 బిట్‌కాయిన్లకు పైగా ముట్టాయి, అప్పటి విలువలో లక్ష డాలర్ల పైమాట. కోట్లలో పంపితే భయపడి కట్టేవాళ్ళు కొద్దిమంది దొరికినా చాలు. ఆ కొద్దిమంది ఎవరన్నదే నా బాధ.

ఒడిశాలోని గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్ళల్లో ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. మెయిల్ ఐడీ తెరిచింది చాలామందికి నెట్ సెంటర్ కుర్రాడే. స్కాలర్‌షిప్‌కో, ఉద్యోగం దరఖాస్తుకో ఐడీ కావాలంటే, పేరు పక్కన పుట్టిన సంవత్సరమో, ఒకటి రెండు మూడో కొట్టి పాస్‌వర్డ్ చేసి, ఫారం మూల మీద రాసి ఇస్తాడు. ఆ తర్వాత పదేళ్ళు బ్యాంకుకీ, షాపింగుకీ, ఫేస్‌బుక్కుకీ అదే. బెదిరింపు మెయిల్ వచ్చినప్పుడు అది ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి చదివించుకోవడానికి ఇంకొకరి దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళాలంటే సిగ్గు. చూసేది పక్కింటి అబ్బాయో, ఆ నెట్ సెంటర్ కుర్రాడో అవుతాడు. ఊరు చిన్నది.

పర్లాకిమిడిలో నాకు బాగా తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసి, "ఒకసారి ఇంటికి రా బాబూ, ఫోన్‌లో చెప్పేది కాదు" అన్నారు. వెళ్తే గది తలుపు దగ్గరగా వేసి, ఫోన్ నా చేతికిచ్చి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. మెయిల్‌లో ల్యాప్‌టాప్ కెమెరా అని రాసుంది. ఆ ఇంట్లో ల్యాప్‌టాప్ ఎప్పుడూ లేదు. ఆ మాటే అడిగితే, "అవును, లేదు కదా" అన్నారు. కాసేపాగి, "మరి పాస్‌వర్డ్ వాడికెలా తెలిసింది?" అన్నారు. తను తప్పు చేయలేదని ఆయనకు తెలుసు, కెమెరా లేదనీ తెలుసు. అయినా ఆ పాస్‌వర్డ్ ముందు అవేవీ నిలవలేదు. కొన్నాళ్ళుగా నిద్ర లేదట. "మీ పిన్నికి మాత్రం చెప్పకు" అన్నారు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆయన కొడుకు ఎప్పుడో అదే ఐడీతో, అదే పాస్‌వర్డ్‌తో రెండు మూడు షాపింగ్ సైట్లలో రిజిస్టర్ అయ్యాడు. వాటిలో ఏదో ఒక చోట నుంచి పోయింది. అంతే జరిగింది.

పిన్నికి చెప్పమనే నేను ఆయనతో అన్నాను, ఇప్పుడూ అందరికీ అదే చెబుతాను. ఈ మోసానికి బలమంతా మనం ఒంటరిగా భయపడటంలో ఉంది. ఇంట్లో ఇంకొక మనిషి ఆ మెయిల్ చూసిన క్షణాన సగం టెన్షన్ దిగిపోతుంది. డబ్బు కట్టొద్దు, జవాబివ్వొద్దు, అందులోని లింకులు, అటాచ్‌మెంట్లు తెరవొద్దు. మీ ఐడీ నుంచే మీకు పంపినట్టు కనిపించినా కంగారు పడొద్దు. పోస్టు కవరు మీద పంపినవారి పేరు ఎవరిదైనా రాయొచ్చు, మెయిల్‌లోనూ అంతే.

అయితే మెయిల్‌ను చెరిపేసి ఊరుకుంటే సరిపోతుందని చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. బెదిరించేవాడు ఉత్తుత్తివాడే, నిజమే. కానీ అతని చేతిలో ఉన్న జాబితా ఇంకా చాలామంది చేతుల్లో ఉంది. వాళ్ళలో కొందరు మెయిల్ రాయరు, చప్పుడు చేయకుండా ఆ పాస్‌వర్డ్‌ను మీ జీమెయిల్‌లో, మీ ఫేస్‌బుక్‌లో కొట్టి చూస్తారు. అసలు ప్రమాదం వాళ్ళతోనే. మెయిల్‌లో కనిపించిన పాస్‌వర్డ్ ఇప్పటికీ ఎక్కడైనా వాడుతుంటే ఆ రోజే మార్చాలి, ముందు మెయిల్‌ది, ఎందుకంటే మిగతా అన్నిటి పాస్‌వర్డ్‌లూ మార్చుకునే దారి అక్కడి నుంచే వెళ్తుంది. పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోవాలి. మీ ఐడీ ఏ ఏ లీకుల్లో ఉందో 2013 నుంచి నడుస్తున్న 'హావ్ ఐ బీన్ పోన్డ్' అనే సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. అక్కడ మెయిల్ ఐడీ మాత్రమే ఇస్తే చాలు.

వాట్సాప్ వీడియో కాల్‌లో ఎవరో మహిళ కనిపించి, మన మొహం రికార్డయి, ఆ తర్వాత డబ్బడిగే మోసం వేరు. అక్కడ వాళ్ళ దగ్గర నిజంగా వీడియో ఉంటుంది. అప్పుడు కూడా కట్టొద్దు, ఒకసారి కట్టినవాణ్ణి వాళ్ళు వదలరు. స్క్రీన్‌షాట్లు, నంబర్లు దాచుకుని ఫిర్యాదు చేయాలి. సీబీఐ లెటర్‌హెడ్‌తో, మూడు సింహాల ముద్రతో 'నువ్వు పిల్లల అశ్లీల చిత్రాలు చూశావు, వెంటనే జవాబివ్వు' అంటూ వచ్చే నోటీసులు బూటకం. మెయిల్‌లో బెదిరించి డబ్బు అడిగే పోలీసు ఎక్కడా ఉండడు.

ఫిర్యాదు అనగానే మా వైపు ఇంకో చిక్కు. ఇల్లు పర్లాకిమిడిలో, సిమ్ కార్డు ఆంధ్రా వైపు పాతపట్నంలో తీసుకున్నది, బ్యాంకు ఖాతా శ్రీకాకుళంలో. ఏ స్టేషన్‌కు వెళ్ళాలి? అటు వెళ్తే ఇటు పొమ్మంటారేమోనని చాలామంది గడప దాటరు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పోలీసులు, కోర్టులు కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా దాని మీద మీరు సంతకం చేయాలి. డబ్బు కోసం భయపెట్టడమే, మీరు ఒక్క రూపాయి కట్టకపోయినా, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. బిట్‌కాయిన్ కొనిపెడతానన్న వాడికి యూపీఐలో డబ్బు పంపేసి ఉంటే మాత్రం ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంత చెప్పినా, జాగ్రత్తల బరువంతా మాస్టారి లాంటి వాళ్ళ మీద వేయడం నాకు అన్యాయంగానే ఉంది. పాస్‌వర్డ్ పోగొట్టింది ఆయన కాదు. పోగొట్టిన కంపెనీ ఏదో ఆయనకు ఈ రోజుకీ తెలియదు, ఆ కంపెనీ ఆయనకు ఒక్క ముక్క రాయలేదు. లీక్ జరిగితే బాధితులకు తెలియజేయాలని, తెలియజేయకపోతే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో రాశారు. ఆ సమాచారం ఎవరూ చదవని ఇంగ్లీషు నోటీసుగా వస్తే ప్రయోజనం లేదు. ఏ తేదీన పోయింది, ఏమేం పోయింది, ఇప్పుడు ఏం చేయాలి అనేది ఖాతాదారు చదవగలిగే భాషలో రావాలి. బరంపురంలో ఉన్న తెలుగువాడికి తెలుగులోనో ఒడియాలోనో, ఆయన ఏది కోరితే అందులో. పంటల రేట్లు, ఆఫర్లు మన భాషలో మెసేజ్ పెట్టగలిగిన కంపెనీలకు ఇది పెద్ద పనేమీ కాదు.