అరగంట శిక్ష

రామనాథం గారికి స్క్రబ్ టైఫస్, అంటే పొదల్లో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం. పొలం గట్టున పొదల పక్కన కూర్చుని చుట్ట కాల్చుకున్నందుకు దొరికిన బహుమతి. మొలతాడు కింద సిగరెట్టుతో కాల్చినట్టున్న నల్లని పెచ్చును చూసి డాక్టరు జబ్బును పట్టేశారు. అంతవరకూ ఈయన "తాడు ఒరుసుకుంది" అంటూ కొబ్బరినూనె రాసుకున్నారు. ఏడు రోజులకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర, 100 మిల్లీగ్రాములది, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఇది మూడో రాత్రి. వెల్లకిలా పడుకునే మాత్ర నోట్లో వేసుకోబోతున్నారు.

సుబ్బలక్ష్మి: లేవండి ముందు! పడుకుని మింగితే గొంతు కింద అంటుకుని పుండు పడుతుందని డాక్టరు చెప్పారా లేదా?

రామనాథం: చెప్పాడు. అప్పుడు నేను ఫీజు గురించి ఆలోచిస్తున్నాను.

సుబ్బలక్ష్మి: నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట నిటారుగా కూర్చోవాలి.

రామనాథం: నీళ్లెందుకు, పాలున్నాయిగా?

సుబ్బలక్ష్మి: పాలలో కాల్షియం మందును పట్టేసుకుంటుంది, ఒంటికి అందేది తగ్గిపోతుంది. ఆ గ్యాస్ మందు సీసా కూడా ఇటివ్వండి.

రామనాథం: మందుకూ మందుకూ పడదా? ఏమిటిది, అత్తాకోడళ్ల కాపురమా?

సుబ్బలక్ష్మి: రెండు గంటలు ఎడంగా ఉంటే ఏ గొడవా లేదు. మా అత్తగారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

రామనాథం: మా అమ్మ జోలికి రాకు. అసలు ఈ మందు గురించి నాకు నేర్పుతున్నావా? ఇది మా భీమవరం మందు! యల్లాప్రగడ సుబ్బారావు గారు మా ఊళ్లో పుట్టి, అమెరికా వెళ్లి...

సుబ్బలక్ష్మి: లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలకు పెద్దయ్యారు. పెళ్లయిన నాటి నుంచి వింటున్నాను. 1948లో అక్కడి నుంచి వచ్చింది ఆరియోమైసిన్, ఈ జాతి మందుల్లో మొదటిది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసింది డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త. మీ చేతిలోది ఆ తరువాత పుట్టిన చిన్నవాడు.

రామనాథం: వంశం మాదేగా!

సుబ్బలక్ష్మి: వంశం మీదైతే, దిండు కింద ఈ పొట్లం ఏమిటి? ఎనిమిది మాత్రలు!

రామనాథం: (గొంతు తగ్గించి) జ్వరం నిన్ననే దిగిపోయింది కదా. బావ జలుబుతో బాధపడుతున్నాడని నాలుగు...

సుబ్బలక్ష్మి: జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానికి ఈ మందు ఏం చేస్తుంది? మిగతా నాలుగు ఎవరికి?

రామనాథం: కోడలు నిన్న దగ్గింది.

సుబ్బలక్ష్మి: ఆరో నెల గర్భిణికా! పుట్టే బిడ్డకు పళ్లు పచ్చగా వస్తే మీరు తోముతారా? మీకు రాసినవి మీరే, ఏడు రోజులూ మింగండి. రేపు మిట్టమధ్యాహ్నం పొలానికి బయలుదేరారో, ఎండకు చర్మం కమిలిపోతుంది. అదీ ఈ మందు గుణమే.

రామనాథం: పాలు వద్దు, ఎండ వద్దు, పడక వద్దు. మందిచ్చారా, జైల్లో వేశారా?

(గ్లాసెడు నీళ్లూ గటగటా తాగి, గోడకు ఆనుకుని కూర్చున్నారు. గడియారం వైపు చూశారు. ఒక నిమిషం గడిచింది. సుబ్బలక్ష్మి వంటింట్లోకి వెళ్లి చేటెడు చిక్కుడుకాయలు తెచ్చి ఒళ్లో పెట్టింది.)

సుబ్బలక్ష్మి: ఎలాగూ అరగంట కూర్చోవాలిగా. ఈనెలు తీయండి.

రామనాథం: (ఒక కాయ విరుస్తూ) సుబ్బారావు గారికి ఈ చిక్కుడుకాయల సంగతి తెలిసి ఉంటే, పడుకుని మింగే మాత్రే కనిపెట్టించి ఉండేవారు.