‘ఏ ఆసుపత్రిలోనైనా క్యాష్‌లెస్’: ఆ సందేశంలో నిజమెంత?

“2024 నుంచి ఆరోగ్య బీమా ఉన్నవారికి ఏ ఆసుపత్రిలోనైనా క్యాష్‌లెస్ తప్పనిసరి, జేబులోంచి రూపాయి తీయనక్కర్లేదు, గంటలో అనుమతి రాకపోతే బిల్లంతా కంపెనీదే” అంటూ వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశాన్ని నమ్మి ఆసుపత్రికి వెళ్లేవారు చిక్కుల్లో పడతారు. క్యాష్‌లెస్ అంటే ఆసుపత్రి బిల్లును బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి చెల్లించడం.

తప్పనిసరి అన్న మాట సరికాదు. 2024 జనవరిలో బీమా కంపెనీల సంఘమైన జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్, కంపెనీతో ఒప్పందం లేని ఆసుపత్రుల్లోనూ క్యాష్‌లెస్ ఇచ్చే ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ను ప్రకటించిన మాట వాస్తవమే గాని, అది బీమా కంపెనీల వైపు నుంచి జరిగిన ఏర్పాటు. ముందే నిర్ణయించుకున్న చికిత్సకైతే చేరడానికి 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి తెలియజేయాలన్న షరతు అందులోనే ఉంది. పైగా బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అధికారం బీమా కంపెనీల మీదే తప్ప ఆసుపత్రుల మీద చెల్లదు. “మీ కంపెనీతో మాకు టై-అప్ లేదండీ, అడ్వాన్సు కట్టి చేర్పించండి, తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకోండి” అని బిల్లింగ్ కౌంటరులో చెబితే, ఆ పూటకు డబ్బు సర్దుకోవలసింది రోగి కుటుంబమే.

రూపాయి కట్టనక్కర్లేదన్నది అసలు ప్రమాదకరమైన మాట. కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఏ చికిత్సకు ఎంత అన్నది కంపెనీతో ముందే కుదిరి ఉంటుంది. బయటి ఆసుపత్రికి అలాంటి ఒప్పందం ఉండదు కనుక అది తన రేటు వేస్తుంది. కంపెనీ మాత్రం ఆ ప్రాంతంలో అదే చికిత్సకు సహేతుకమని తాను భావించిన మేరకే ఇస్తుంది. మిగిలిన తేడాకు పూచీ ఎవరిదో సందేశం రాసినవారు చెప్పలేదు. నెట్‌వర్క్ బయట చికిత్సకు కో-పే, అంటే బిల్లులో కొంత వాటా మనమే కట్టాలన్న షరతు, విధించే పాలసీలూ ఉన్నాయి. గది అద్దె పరిమితి ఉంటే నెట్‌వర్క్‌లోనైనా కోత తప్పకపోవచ్చు: రోజుకు 5,000 పరిమితి ఉండి 8,000 రూపాయల గదిలో చేరితే, గదితో పాటు పెరిగే సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీల వంటివి 1,60,000 అయినచోట కంపెనీ అదే నిష్పత్తిలో లక్ష ఇచ్చి ఊరుకోవచ్చు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ చార్జీలకు ఈ కోత వర్తించదు. బిల్లు సరిచూసేటప్పుడు ఈ సంగతి పట్టుబట్టి అడగాలి.

గంట నియమం ఉంది. 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలోగా నిర్ణయం చెప్పాలి. ఆ నిర్ణయం ‘కాదు’ అనీ కావచ్చు. డిశ్చార్జికి కంపెనీ ఇవ్వాల్సిన అనుమతి మూడు గంటలు దాటితే, ఆ జాప్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేసే మొత్తాన్ని మాత్రమే కంపెనీ భరించాలి. బిల్లంతా అని ఎక్కడా లేదు.

క్యాష్‌లెస్ నిరాకరిస్తే క్లెయిము తిరస్కరించినట్టు కాదన్న అసలు సంగతిని సందేశం వదిలేసింది. డిశ్చార్జి సమ్మరీ, పద్దులవారీ బిల్లు, రసీదులు, పరీక్షల రిపోర్టులు దాచుకుని రీయింబర్స్‌మెంటుకు, అంటే కట్టిన డబ్బు కంపెనీ నుంచి తిరిగి పొందడానికి, దరఖాస్తు చేయవచ్చు. కోత అన్యాయమనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తిగా లేకపోయినా, బీమా ఫిర్యాదులను పరిష్కరించే, హైదరాబాదులోనూ కార్యాలయం ఉన్న బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండానే ఆశ్రయించవచ్చు.