నడిచే ఇంజన్‌తో జాగ్రత్త

ముందే చెప్తున్నాను, ఇది నవ్వులాట వ్యవహారం కాదు. మోడల్ రైల్వే, అంటే అసలు రైళ్ళకి బుల్లి నమూనాలు చేసి ఇంట్లో బల్ల మీద నడిపించే హాబీ, ఆ మహోన్నత వ్యవస్థకి పెద్ద ముప్పు వచ్చిపడింది, దాని గురించి ఎవరూ నోరు మెదపడం లేదు. దుమ్ము గురించి మాట్లాడతారు, తేమకి బల్లలు ఉబ్బడం గురించి మాట్లాడతారు, అసలు శత్రువు పేరు మాత్రం ఎత్తరు. ఆ శత్రువు నడిచే ఇంజన్. పెట్టెలోంచి తీసి పట్టాల మీద పెట్టి కంట్రోలర్ నాబ్ తిప్పగానే బుద్ధిగా బయల్దేరి, ఒక చుట్టు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చే ఇంజన్. అలాంటిది ఇంట్లో ఒక్కటుంటే చాలు, హాబీకి నూకలు చెల్లినట్టే. మనిషి మూడు చుట్లు చూస్తాడు, నాలుగో చుట్టుకి ఫోన్ తీస్తాడు.

అదే ఆగిపోయే ఇంజన్ అనుకోండి, సాయంత్రం ఎంత నిండుగా గడుస్తుందో! ముందు వేలితో చిన్నగా తోస్తాం. రెండు అంగుళాలు పోయి మళ్ళీ ఆగుతుంది. లోపల చల్లటి ఆనందం, పైకి మాత్రం "అయ్యో". పట్టాలు తుడుస్తాం, చక్రాలు తుడుస్తాం, లాభం ఉండదు, ఉండకూడదు కూడా. ఇంక బాడీ విప్పక తప్పదు. నా ఇంజన్‌కి నాలుగు స్క్రూలు, కనబడేవి మూడు. నాలుగోది కప్లింగ్ కింద, అంటే బోగీని తగిలించే కొక్కెం కింద దాచిపెట్టారు. అది డిజైన్ లోపమని కొందరు విమర్శిస్తారు గానీ నా దృష్టిలో తయారీదారుడు మన మీద చూపించిన దయ, లేకపోతే ఎనిమిదింటికల్లా పనైపోయి ఇంట్లోవాళ్ళతో మాట్లాడాల్సి వచ్చేది.

ఇక బ్రష్షుల దగ్గరికి వద్దాం. పాత మోటార్లలో కమ్యుటేటర్‌ని, అంటే తిరిగే భాగం చివరనుండే రాగి కడియాన్ని, చెరో పక్కా ఒత్తి పట్టుకుని కరెంటు అందించే బుల్లి కార్బన్ ముక్కలివి. వాటి వెనక వెంట్రుకలాంటి తీగతో చుట్టిన స్ప్రింగులుంటాయి. మూత కాస్త వదులైతే చాలు, స్ప్రింగు టప్‌మని ఎగురుతుంది. ఎటు పోయిందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. తెలిసినవాళ్ళు ఇంజన్‌తో సహా రెండు చేతులూ ఓ పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో దూర్చి విప్పుతారు, ఎగిరినా సంచిలోనే పడుతుందని. నేనూ ఒకసారి అలాగే చేశాను, స్ప్రింగు సంచిలోనే దొరికింది, ఇరవై నిమిషాల్లో ఇంజన్ బాగైపోయింది. ఆ పొరపాటు మళ్ళీ చెయ్యలేదు. ఇప్పుడు నేల మీద బోర్లా పడుకుని, టార్చిని నేలకి ఆనించి అడ్డంగా వేసి వెతుకుతాను, అలా వేస్తే ఎంత చిన్న వస్తువుకైనా పొడుగాటి నీడ పడుతుంది. ఈ పద్ధతిలో ఇవాళ పోయిన స్ప్రింగు తప్ప ఇదివరకు పోయినవన్నీ దొరుకుతాయి.

తర్వాత నూనె. గేర్లకి సూదిమొనతో ఒక్క చుక్క వెయ్యమంటారు. ఒక్క చుక్కతో తృప్తిపడిన మనిషిని నేనింతవరకు చూడలేదు. రెండోది వేస్తాం, మూడోది ఆప్యాయత కొద్దీ వేస్తాం. ఆ నూనె గేర్ల మీంచి కమ్యుటేటర్‌కి, చక్రాలకి, చక్రాల నుంచి పట్టాలకి, పట్టాల నుంచి లేఅవుట్ మీద, అంటే పట్టాలూ కొండలూ ఇళ్ళూ పరిచిన బల్ల మీద ఉన్న మిగతా ఇంజన్లన్నిటికీ చేరుతుంది. వారం తిరిగేసరికి అన్నీ ఎత్తు ఎక్కే చోట జారుతుంటాయి. ఒక్క రిపేరు నుంచి ఏడు రిపేర్లు పుట్టాయి, ఇంతకన్నా గొప్ప ఉపాధి పథకం ఏ ప్రభుత్వమైనా పెట్టిందా? ఇంకో రహస్యం చెప్పనా, ఆల్నికో అనే లోహ మిశ్రమంతో చేసిన అయస్కాంతాలున్న పాత మోటార్లలో ఆర్మేచర్‌ని, అంటే లోపల తిరిగే తీగచుట్టల భాగాన్ని, ఊరికే బయటికి తీసినా అయస్కాంతం బలం తగ్గిపోతుంది. అంటే జబ్బేమిటో చూద్దామని పొట్ట కోస్తే, కోసినందుకే కొత్త జబ్బు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని మీరంటారేమో, మేం దాన్ని వచ్చే ఆదివారం ప్రోగ్రాం అంటాం.

మా చేతికి లొంగనిది ఒక్కటే ఉంది, దాన్ని జింక్ పెస్ట్ అంటారు. పోత పోసేటప్పుడు జింక్ మిశ్రమంలో కాస్త సీసం కలిసిందా, ఏళ్ళు గడిచాక ఆ లోహం లోపల్లోపలే ఉబ్బి, పగుళ్ళిచ్చి, చేత్తో ముట్టుకుంటే పొడి పొడి అవుతుంది. మందు లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను వేళాకోళం ఆడలేను, తాతలనాటి ఇంజన్‌ని పెట్టెలోంచి తీసి, ఛాసిస్ పెచ్చులుగా రాలుతుంటే చూస్తూ కూర్చున్నవాళ్ళ మొహాలు చూశాను.

సరే, చరిత్ర చూద్దాం. అమెరికాలో ఎంఐటీ అనే పేరున్న సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1946లో ఒక మోడల్ రైల్వే క్లబ్బు పెట్టారు. అందులో ఒక వర్గం పైన కొండలూ ఇళ్ళూ రైళ్ళూ అందంగా చేసుకునేది, ఇంకో వర్గం బల్ల కింద దూరి వైర్లూ, రిలేలనే కరెంటు స్విచ్చులూ సరిచేసుకునేది. హ్యాక్, హ్యాకర్ అనే మాటలు కంప్యూటర్ ప్రపంచానికి ఎక్కింది ఈ బల్ల కింద జనం దగ్గర్నుంచే. పైన రైలు నడిపి చేతులు కట్టుకుని చూసినవాళ్ళ వల్ల ఒక్క కొత్త మాటైనా పుట్టిందా? అలాగే బ్రిటన్ సంగతి. అక్కడి అసలు ఇంజన్లే కాస్త చిన్నవి, వాటిని 87వ వంతుకి తగ్గిస్తే లోపల అప్పటి మోటారు పట్టలేదు. దాంతో బాడీలని 76వ వంతుకి పెంచారు, పట్టాల మధ్య దూరాన్ని మాత్రం పాత 16.5 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచేశారు. లెక్క ప్రకారం 18.83 ఉండాలి. ఆ తేడా గురించి ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు, కొందరైతే పట్టాలన్నీ పీకి 18.83కి మళ్ళీ వేసుకుంటున్నారు. ఆ రోజే మోటారు సరిగ్గా పట్టి ఉంటే పాపం వీళ్ళందరి జీవితాలు ఏమైపోయేవి!

ఇక ప్రదర్శనలు. ఇంట్లో వెంట్రుక దూరని లేఅవుట్‌ని నాలుగు ముక్కలు చేసి, వ్యాన్‌లో కుదిపి, ఎత్తుపల్లాల నేలున్న హాల్లో మళ్ళీ అతికిస్తారు. అతుకుల దగ్గర పట్టాలు ఒకదాన్నొకటి ఎరగనట్టు నిలబడతాయి. పైగా డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ప్రతి ఇంజన్‌లో ఒక డీకోడర్ కూర్చుని తన నంబరుకి వచ్చిన ఆజ్ఞనే పాటిస్తుంది, అద్భుతమైన ఏర్పాటు. కాకపోతే కొత్త డీకోడర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేది 3 అనే నంబరుతో. మా జట్టులో ముగ్గురం ముందు రాత్రి మూడు కొత్త ఇంజన్లు తెచ్చాం, ఎవరికి వారు పక్కవాడు నంబరు మార్చి ఉంటాడనుకున్నాం. పొద్దున్నే ఒకాయన గంభీరంగా 3 నొక్కి నాబ్ తిప్పాడు. మూడు రైళ్ళూ మూడు దిక్కుల నుంచి ఒకే పాయింట్ మీదికి, అంటే పట్టాలు చీలే చోటికి కదిలాయి. షార్ట్ సర్క్యూట్. లేఅవుట్ మీద రైళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

జనం అప్పుడొచ్చారు చూడండి! అడ్డుకట్ట తాడు మీదికి వంగి మరీ. "అంకుల్, అంకుల్, మీ రైలు పడిపోయింది!" అని ఒక పిల్లాడు, వాడి గొంతులో ఉన్న సంతోషం ఏ ప్రారంభోత్సవంలోనూ వినలేదు నేను. ఆవిరి ఇంజన్లని చక్రాల లెక్కతో 0-6-0 అనీ 2-8-2 అనీ పిలుస్తారు కదా, పడిపోయిన బోగీని ఎత్తడానికి ఆకాశంలోంచి దిగే మనిషి చేతిని ఈ రంగంలో 0-5-0 అంటారు, ఐదు వేళ్ళు కాబట్టి. ప్రదర్శన మొత్తంలో ఎక్కువ కిలోమీటర్లు తిరిగే ఇంజన్ అదే. దానికి మాత్రం ఏ కంపెనీ ఇంతవరకు పెట్టె కూడా అమ్మలేదు.

కాబట్టి నిర్వాహకులకి నా డిమాండ్లు. రిపేరు బల్లని హాలు మధ్యకి తెచ్చి, లేఅవుట్లని గోడవారగా జరపాలి. రెండు చుట్లకి మించి ఆగకుండా తిరిగిన ఇంజన్ యజమాని రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. ప్లాస్టిక్ సంచులని హాల్లోకి రానివ్వకూడదు.

ఇంత ఆవేశం ఎందుకంటారా? పోయినసారి ప్రదర్శనకి తీసుకెళ్ళిన నా పాత ఇంజన్ పొద్దున పదింటికి బయల్దేరి ఒక్కసారీ ఆగలేదు. ఒక్కడూ మా దగ్గర నిలబడలేదు. పక్క బల్ల దగ్గర ఒకాయన ఇంజన్‌ని బోర్లించి దాని కడుపులోకి సోల్డరింగ్ ఐరన్ దూరుస్తుంటే ఆయన చుట్టూ ఊపిరాడనంత జనం. నాలుగింటికి ఇక తట్టుకోలేక, ఎవరూ చూడకుండా, కంకర గింజ ఒకటి తీసి పాయింట్ బ్లేడు సందులో పెట్టాను. ఆ పాపిష్టి ఇంజన్ వచ్చింది, గింజ ఎక్కి దిగింది, వెనకాల ఏడు బోగీలూ ఎక్కి దిగాయి, వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే బల్ల మీద పెట్టి విప్పాను. బ్రష్షులు బాగున్నాయి, గేర్లు బాగున్నాయి, నూనె సరిగ్గా ఒక్క చుక్కే ఉంది. మూడు రోజులు వెతికాను, ఏ లోపమూ దొరకలేదు. నిన్న రాత్రి ఓడిపోయానని ఒప్పుకుని తిరిగి బిగిద్దామని కూర్చుంటే, నాలుగో స్క్రూ కనబడలేదు. ప్రాణం లేచొచ్చింది.