స్కిజోఫ్రెనియా అంటే ఒకరిలో ఇద్దరు కాదు

"ఒకే మనిషిలో ఇద్దరుండటమే స్కిజోఫ్రెనియా. పెంపకం సరిగా లేక వస్తుంది. పెళ్లి చేస్తే కుదురుకుంటుంది. మాత్రలు మొదలుపెడితే ఇక బానిసలే." వాట్సాప్‌లో తిరిగే ఈ నాలుగు మాటలూ తప్పే. వీటిని నమ్మి వైద్యం ఆలస్యం చేసేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.

మొదటిది పేరు తెచ్చిన తంటా. 1908లో స్విస్ వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ 'చీలిన మనసు' అనే అర్థంలో ఈ పేరు పెట్టారు. ఆయన ఉద్దేశంలో చీలిక అంటే ఆలోచనకూ భావోద్వేగానికీ లంకె తెగడం. అసలు జబ్బు ఇలా ఉంటుంది: గదిలో ఎవరూ లేకున్నా "వీడు లేచాడు చూడు, నీళ్లు తాగబోతున్నాడు" అని ఎవరో మాట్లాడుకోవడం స్పష్టంగా వినిపిస్తుంది. అన్నంలో విషం కలిపారన్న నమ్మకం, అదే కంచంలో అమ్మ తిని చూపించినా సడలదు. టీవీలో వార్తలు చదివే ఆమె తన గురించే చెబుతోందనిపిస్తుంది. ఇవి అందరికీ తెలుస్తాయి. స్నానం మానేయడం, ముఖంలో ఏ భావమూ పలకకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం మాత్రం ఇంట్లో బద్ధకం కింద జమ అవుతాయి. అవీ జబ్బు లక్షణాలే. మందులకు అంత తేలిగ్గా లొంగనివి కూడా అవే.

ఇక పెంపకం. 1948 నాటికే అమెరికాలో ఈ జబ్బుకు తల్లినే కారణం చేసే పదం ఒకటి పుట్టింది. ఎందరో తల్లులు ఆ నింద మోశారు. ఆధారాలు వేరే మాట చెబుతున్నాయి. ఈ జబ్బు మామూలుగా 100 మందిలో దాదాపు ఒకరికి వస్తే, తల్లికో తండ్రికో ఉన్నప్పుడు పిల్లల్లో సుమారు 10 మందికి వస్తుంది. ఒకే పోలిక కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికీ వచ్చే అవకాశం సగానికి కాస్త తక్కువ. అంటే జన్యువులది పెద్ద పాత్రే, కానీ అంతా వాటిదే కాదు. 1944-45లో నెదర్లాండ్స్ కరువు తీవ్రంగా ఉన్నప్పుడు కడుపున పడ్డవారిలో ఈ ముప్పు సుమారు రెట్టింపైంది. కాన్పులో చిక్కులు, చిన్న వయసులో గంజాయి కూడా ముప్పు పెంచుతాయి. మెదడు లోతుల్లో డోపమైన్ అనే రసాయనం అతిగా విడుదలైతే, పట్టించుకోనక్కర్లేని సంగతి కూడా తనను ఉద్దేశించిందే అనిపిస్తుందని ఒక బలమైన వివరణ. వార్తలు చదివే ఆమె మాటల్లో తన ప్రస్తావన వినిపించేది అందుకే. మందులు పనిచేసేది ముఖ్యంగా ఈ డోపమైన్ మీదే.

పెళ్లి సంగతి సూటిగా చెప్పాలి. జబ్బు బయటపడే వయసూ పెళ్లి వయసూ ఒకటే కావడంతో ఈ సలహా పుట్టింది. జబ్బున్న ఆడపిల్లకు పెళ్లి చేస్తే, అత్తింట్లో తెలియకూడదని మాత్రలు ఆపేస్తారు, నిద్ర తప్పుతుంది, జబ్బు తిరగబెడుతుంది. ఆ పిల్లకు ఇంతకంటే అన్యాయం లేదు.

మాత్రలకు బానిసలవుతారన్నది అబద్ధం. ఇంకా కావాలనే యావ వీటితో పుట్టదు. మానేసిన కొన్ని వారాలు బాగానే ఉండటంతో తగ్గిందనుకుంటారు, నెలలు గడిచాక మళ్లీ వస్తుంది. అందుకే మొదటిసారి వచ్చినా తగ్గాక కనీసం ఏడాది, రెండేళ్లు వాడమంటారు. ఒళ్లు బిగుసుకోవడం, చేతులు వణకడం, బరువు, షుగర్ పెరగడం మాత్రం నిజమే. మొదట్లోనూ మూడు నెలలకూ బరువు, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. ఈ జబ్బుకిచ్చే మందుల్లో ఓలాంజపిన్, క్లోజపిన్ వాడేవారు సిగరెట్లు ఒక్కసారిగా మానితే రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. రెండు మందులు, ఒక్కొక్కటీ సరైన మోతాదులో ఆరు వారాలు వాడినా తగ్గకపోతే క్లోజపిన్ గురించి అడగండి. దానికి మొదట్లో వారం వారం తెల్ల రక్తకణాల పరీక్ష తప్పదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు.